పొదుపా, మదుపా? ముందు తేదీ రాసుకోండి

చేతిలో ఉన్న డబ్బును అవసరాలవారీగా విడగొట్టి, ఒక్కో మొత్తం పక్కన అది ఎప్పుడు కావాలో రాయండి. ఎక్కడ పెట్టాలో తేల్చేది ఆ తేదీయే. ఎక్కువమంది వడ్డీ శాతంతో మొదలుపెడతారు, తికమక అక్కడే.

మూడేళ్లలోపు కావాల్సింది పొదుపులోనే ఉండాలి: సేవింగ్స్ ఖాతా, ఫిక్స్‌డ్ డిపాజిట్. పెట్టిన సొమ్ము భద్రమేనా, అడిగిన రోజున చేతికొస్తుందా అన్నవి చూస్తే చాలు.

అన్నిటికన్నా ముందు అత్యవసర నిధి. అద్దె, సరుకులు, బిల్లులు, వాయిదాలు, బీమా ప్రీమియం కలిపి నెల ఖర్చు తేల్చండి (జీతం కాదు, ఖర్చు). దాన్ని ఆరుతో హెచ్చవేయండి. ఇద్దరు సంపాదించే ఇంట్లో మూడు నెలలదైనా సరిపోవచ్చు. క్రెడిట్ కార్డు బాకీ ఉంటే ఒక నెల ఖర్చు మాత్రం పక్కనపెట్టి, మిగిలినదంతా బాకీకే కట్టండి. ఆ వడ్డీని మించి నికరంగా రాబడినిచ్చే మదుపు లేదు.

మరి అంతా పొదుపులోనే ఉంచేస్తే? ధరలు ఏటా 6 శాతం పెరుగుతూ డిపాజిట్ 4 శాతమే ఇస్తే, 100 కాస్తా 104 అవుతుంది, 100కు వచ్చిన సరుకు 106 అవుతుంది. ఎన్నేళ్లలో రెట్టింపవుతుందో సుమారుగా తెలియాలంటే 72ను ఏటా పెరిగే శాతంతో భాగించాలి. 72ను 6తో భాగిస్తే 12: అంటే దాదాపు పన్నెండేళ్లలో ధరలు రెట్టింపు. పాస్‌బుక్‌లో అంకె పెరుగుతుంది కాబట్టి ఈ నష్టం కంటికి ఆనదు.

ఇక మదుపు: ఐదేళ్లు దాటాక కావాల్సిన డబ్బుకే షేర్లు, ఈక్విటీ ఫండ్లు (చాలామంది డబ్బును కలిపి షేర్లలో పెట్టేవి). మూడు నుంచి ఐదేళ్ల మధ్యదైతే అధిక భాగం డిపాజిట్లలో ఉంచడమే మేలు. షేర్ల విలువ సగానికి పడితే మళ్లీ అసలుకు రావాలంటే 50 శాతం కాదు, 100 శాతం పెరగాలి. అందుకు ఏళ్లు పట్టొచ్చు. అసలు దెబ్బ తగిలేది ధర పడ్డప్పుడు కాదు, ఆ సమయంలో ఆసుపత్రి ఖర్చో మరొకటో వచ్చి అమ్మక తప్పనప్పుడు. అత్యవసర నిధి కాపాడేది దీన్నుంచే.

ఒకే కంపెనీ మీద పెట్టకుండా, మార్కెట్ మొత్తాన్ని అనుసరించే ఇండెక్స్ ఫండ్‌లో జీతం పడిన మర్నాడే నెలనెలా వెళ్లేలా పెట్టండి. ఫండ్ ఖర్చు శాతం (ఫండ్ ఏటా తీసుకునే రుసుము) తప్పక చూడండి: ఏటా 10 శాతం రావాల్సిన రాబడి రుసుము వల్ల 9 శాతమైతే, ఒకేసారి పెట్టిన సొమ్ము మీద 30 ఏళ్లకు చేతికొచ్చేది దాదాపు నాలుగో వంతు తగ్గుతుంది.

తేదీ ఐదేళ్ల దూరానికి వచ్చాక ఏటా మూడో వంతు చొప్పున డిపాజిట్‌లోకి మార్చుకుంటూ రండి. మార్కెట్ పైకి వెళ్తున్నా ఆపొద్దు.