హ్యాంక్ ఆరన్ కెరీర్‌ని ఎలా చూడాలంటే

బేస్‌బాల్ కొత్తగా ఫాలో అయ్యేవాళ్ళు హ్యాంక్ ఆరన్ అనగానే 755 హోమ్ రన్స్ (క్రికెట్‌లో సిక్స్ లాగా బాల్‌ని మైదానం బయటికి కొట్టే షాట్లు) దగ్గరే ఆగిపోతారు, అలా కాదండి, ముందు ఒక్కో సీజన్ తీసి చూడండి, ఆయన ఏ ఏడాదీ 50 కొట్టలేదు, ఎక్కువలో ఎక్కువ 1971లో 47, కానీ 1954 నుంచి 1976 దాకా కొడుతూనే ఉన్నారు.

తర్వాత చిన్న తీసివేత చేయండి. మొత్తం హిట్స్ (బాల్ కొట్టి కనీసం మొదటి బేస్ చేరినవి, హోమ్ రన్స్ కూడా ఇందులోవే) 3771, అందులోంచి హోమ్ రన్స్ అన్నీ తీసేసినా ఇంకా 3016 మిగులుతాయి! 3000 హిట్స్ దాటడమే అక్కడ పెద్ద ఘనత. నాకైతే 755 కంటే ఇదే గొప్ప నంబర్.

ఇక 1974 ఏప్రిల్ 8 వీడియో తప్పకుండా చూడండి, అట్లాంటాలో అల్ డౌనింగ్ వేసిన బాల్‌ని బయటికి కొట్టి పాతతరం స్టార్ బేబ్ రూత్ 714 హోమ్ రన్స్ రికార్డు దాటేశారు. అది చూసేముందు ఒకటి తెలుసుకోవాలి, నల్లజాతి ఆటగాడు ఆ రికార్డు కొట్టకూడదని ఆయనకి చంపేస్తామంటూ ఉత్తరాలు కుప్పలుగా వచ్చాయి, అంత టెన్షన్‌లో కూడా ఆట వదల్లేదు, అందుకే ఆయనంటే నాకంత గౌరవం.

2007లో బ్యారీ బాండ్స్ ఆయన్ని దాటి 762 దగ్గర ఆగాడు. ఇద్దర్నీ పోల్చేటప్పుడు బాండ్స్ చుట్టూ ఉన్న స్టెరాయిడ్స్ గొడవ కూడా చదవండి.