ష్కోట్సియాన్ గుహలకి వెళ్తే ఒక్క జాకెట్ పెట్టుకోండి

స్లొవేనియా ట్రిప్‌లో ష్కోట్సియాన్ గుహలు పెట్టుకున్నవాళ్ళకి ఒక చిన్న మాట. బయట ఎండ మండిపోతున్నా లోపల ఏడాది పొడుగునా 12 డిగ్రీల దగ్గరే ఉంటుంది, పైగా తేమ, కాబట్టి టీషర్ట్ మీద పల్చటి జాకెట్ తప్పనిసరి. కాళ్ళకి గ్రిప్ ఉన్న షూస్ వేసుకోండి, చెప్పులొద్దు. మెట్లు 500 పైనే, కొన్నిచోట్ల తడిగా ఉంటాయి, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు ఉంటే ముందే ఆలోచించుకోండి.

అసలు చూడాల్సింది గుహ లోపల పారే రేకా నది. ముందు కనపడదు, హోరు మాత్రం వినిపిస్తుంది, కాసేపటికి దాదాపు 45 మీటర్ల ఎత్తులో ఉన్న చెర్క్వెనిక్ వంతెన మీదకొచ్చి కిందకి చూస్తే గానీ ఆ లోతు అర్థం కాదు. గైడ్‌తో వెళ్ళే భాగంలో ఫోటోలు తియ్యనివ్వరు, మంచిదే, ఫోన్ జేబులో పెట్టేసి రెయిలింగ్ పట్టుకుని చూడండి, ఫోన్ వెలుతురు లేకపోతేనే కళ్ళు చీకటికి అలవాటుపడి అవతలి గోడ మీద పాత దారి మెట్లు కూడా తెలుస్తాయి. గట్టి వానలు పడ్డాక నది పొంగితే కొన్ని దారులు మూసేస్తారు, అందుకే బయల్దేరే ముందు ఆ రోజు ఏవి తెరిచారో చూసుకోండి.