పాత వాల్వ్ రేడియోలో బ్లూటూత్, ఎఫ్‌ఎం అమర్చుకోవడం ఎలా?

అటక మీద నుంచి తాతగారి రేడియో దించగానే ఇంట్లో ఎవరో ఒకరు "పాత సామాన్లోనికి ఇచ్చెయ్యరాదు" అంటారు. ఆ మాట పట్టించుకోకండి. నాలుగైదు ఆదివారాలు, కొంచెం ఓపిక ఉంటే అది హాల్లో పాటలు పాడుతుంది. ఇంట్లో పాత రేడియో లేనివాళ్లు హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్‌కో, ఆదివారం ఎర్రగడ్డ సంతకో వెళ్లి వెతుక్కోవచ్చు. కొనేటప్పుడు పాలిష్ పోయిందని బెంగపడక్కర్లేదు. స్టేషన్ల పేర్లున్న గాజు పగలకుండా ఉందా, నాబ్‌లన్నీ ఉన్నాయా, అడుగు చెక్కను వేలితో నొక్కితే పిండిలా రాలుతోందా అన్నవే చూడండి. గాజు పోతే అలాంటిదే మళ్లీ దొరకడం కష్టం. చెద తిన్న పెట్టెను బేరమాడి కూడా కొనొద్దు.

ప్లగ్ పెట్టకండి

"పనిచేస్తుందేమో చూద్దాం" అని ఇంటికి రాగానే 230 వోల్టులకు తగిలించేస్తారు చాలామంది. ఏళ్ల తరబడి మూలన పడున్న సెట్‌లో కాగితం కెపాసిటర్లు (కరెంటును కాసేపు నిలవ ఉంచే భాగాలు) లీకవుతాయి, దాంతో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. పైగా కొన్ని రకాల సెట్లలో చాసిస్ (భాగాలన్నీ బిగించిన ఇనప చట్రం) నేరుగా కరెంటు తీగకే కలిసి ఉంటుంది, ముట్టుకుంటే షాకే. అమ్మినవాడు మీ ముందే ఆన్ చేసి చూపించి ఉంటే ఒక పూట ఆగి, పెద్ద కెపాసిటర్ల మీద మల్టీమీటర్‌తో వోల్టేజి చూశాకే చేయి పెట్టండి.

వాల్వ్‌లన్నీ (లోపలి గాజు గొట్టాలు) ఉండి, తీగలు ఎవరూ కెలక్కుండా ఉన్న సెట్ దొరికితే మాత్రం నా సలహా వేరు. దాన్ని మార్చకండి, పాత మెకానిక్‌ను వెతికి అలాగే బాగుచేయించండి. బ్లూటూత్, ఎఫ్‌ఎం పెట్టే ఈ పద్ధతి ఇక మాట్లాడని రేడియోల కోసం. అందులోనూ ఒక నియమం పెట్టుకున్నాను: కొత్త రంధ్రం ఒక్కటి కూడా వేయను, పాత భాగం ఒక్కటి కూడా పారేయను. రేపు ఎవరైనా మళ్లీ వాల్వ్‌లతో మోగించాలనుకుంటే వీలుండాలి.

విప్పడం, తుడవడం

ముందు నాలుగు వైపులా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. వెనక అట్ట, నాబ్‌లు, అడుగున ఉన్న స్క్రూలు తీస్తే చాసిస్ బయటికొస్తుంది. నాబ్‌లను స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే విరుగుతాయి, వాటి వెనక గుడ్డ ముక్క దూర్చి రెండు చేతులా లాగండి. పెట్టెలో పోస్టాఫీసు వాళ్ల రేడియో లైసెన్సు పుస్తకం దొరికితే దాచుకోండి. 1980ల దాకా రేడియో వినడానికి కూడా ఏటా డబ్బు కట్టేవాళ్లంటే ఇప్పటి పిల్లలు నమ్మరు.

దుమ్ము పొడి బ్రష్‌తోనే దులపాలి. గాజు దగ్గర మరీ జాగ్రత్త. అక్షరాలు గాజు వెనక వైపు రంగుతో అచ్చువేసి ఉంటాయి. నేను మొదటి రేడియోకి తడిగుడ్డతో ఒక్కసారి రుద్దాను, కొలంబో, మద్రాసు రెండూ గుడ్డకు అంటుకొచ్చాయి. ముందు వైపు తుడవండి, వెనక వైపు ఊదండి. అంతే.

పెట్టె పని

ఇది తీరిగ్గా చేయాల్సిన పని. పైకి టేకులా కనిపించేది చాలావరకు ప్లైవుడ్ మీద అతికించిన వెనీర్ అనే పల్చటి చెక్క పొర, మందం మిల్లీమీటరు కూడా ఉండదు. మెషీన్‌తో రుద్దితే రెండు నిమిషాల్లో అడుగు చెక్క బయటపడుతుంది. పొర లేచినచోట సిరంజితో ఫెవికాల్ ఎక్కించి, పైన బటర్ పేపర్ పరిచి, ఒక రాత్రి రోలో, పుస్తకాల కట్టో బరువుగా పెట్టండి. ఉబ్బినచోట గీత వెంబడే బ్లేడుతో చిన్న గాటు పెట్టి ఇదే పని చేయాలి.

తర్వాత పాత పాలిష్ ఏదో తెలుసుకోవాలి. కనిపించని మూల స్పిరిట్‌లో తడిపిన దూది రాయండి. జిగురైతే లక్క పాలిష్, కాకుండా థిన్నర్‌కు కరిగితే లాకర్ అనే వార్నిష్. చాలాసార్లు పాలిష్ మొత్తం తీయక్కర్లేదు, పైన పేరుకున్న జిడ్డు పోతేనే రంగు తేలుతుంది. తీయక తప్పకపోతే 220, ఆపైన 320 నంబరు సాండ్ పేపర్‌తో, చెక్క గీతల వెంబడి చేత్తో రుద్దండి. లక్క పాలిష్‌ను మెత్తటి గుడ్డ ఉండతో పల్చగా పూస్తూ, ఆరనిస్తూ, మళ్లీ పూయండి. జులై, ఆగస్టుల్లో మాత్రం వద్దు, గాలిలో తేమకు పాలిష్ తెల్లగా పాలిపోతుంది. హైదరాబాద్‌లో దీనికి ఫిబ్రవరి, మార్చి మంచి నెలలు.

స్పీకర్ ముందు గుడ్డ చిరిగితే వదులు నేత ఉన్న చేనేత నూలు గుడ్డ తీసుకోండి. నోటికి అడ్డంపెట్టుకుని ఊదితే గాలి సులువుగా పోవాలి. సోఫా గుడ్డ వేస్తే పాట దుప్పటి కప్పుకుని పాడినట్టుంటుంది.

కొత్త సరంజామా

కోఠి గుజరాతీ గల్లీలో అన్నీ ఒక్క పూటలో దొరుకుతాయి: 5 వోల్టుల బ్లూటూత్-ఎఫ్‌ఎం కిట్, పీఏఎం8403 ఆంప్లిఫైయర్ బోర్డు, బీ0505ఎస్ ఐసొలేటర్ (కిట్ కరెంటును ఆంప్లిఫైయర్ కరెంటు నుంచి వేరుచేసే చిన్న భాగం), 1 కిలో ఓమ్ రెసిస్టర్లు రెండు, స్విచ్ ఉన్న 50 కిలో ఓమ్‌ల లాగ్ రకం వాల్యూమ్ కంట్రోల్, స్టేషన్ల గాజు వెనక వెలుగుకు వామ్ వైట్ ఎల్‌ఈడీ పట్టీ. కరెంటుకు 5 వోల్టులు, 2 ఆంపియర్ల మొబైల్ చార్జర్ చాలు. పెట్టెలోకి 230 వోల్టులు రానేరావు, పిల్లలున్న ఇంట్లో టెన్షన్ ఉండదు. షాపువాడు వంద వాట్ల బోర్డు చూపిస్తాడు, వద్దనండి. ఈ స్పీకర్ మూడు నాలుగు వాట్లతోనే వీధంతా వినిపించింది, ఎక్కువిస్తే దాని కోన్ (కాగితం గరాటు) చిరుగుతుంది.

స్పీకర్‌కు పాత ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే తీగలు ఊడదీసి మీటర్ పెట్టండి. మూడు, మూడున్నర ఓమ్‌లు చూపిస్తే అది 4 ఓమ్‌ల స్పీకర్, భేషుగ్గా పనికొస్తుంది.

చాసిస్‌ను మళ్లీ దాని చోటే పెట్టేయండి. దాని పాత కరెంటు తీగ మాత్రం తీసేయాలి. చాసిస్ ఉంటే ట్యూనింగ్ నాబ్ తిప్పితే ముల్లు కదులుతుంది, పెట్టెకు బరువూ ఉంటుంది. పాత వాల్యూమ్ కంట్రోల్ తీసి కవర్‌లో దాచి, ఆ రంధ్రంలోనే కొత్తది బిగించండి. కొత్త దాని కాడ 6 మిల్లీమీటర్లు, పాత నాబ్ పావు అంగుళానిది. వదులనిపిస్తే కాడకు ఒక చుట్టు సన్నని రాగి రేకు వేయండి.

కిట్ నుంచి వచ్చే ఎడమ, కుడి తీగలను చెరో రెసిస్టర్ గుండా కలిపి, వాల్యూమ్ కంట్రోల్ మీదుగా ఆంప్లిఫైయర్ ఒక చానెల్‌కు ఇవ్వండి. రెండు చానెళ్ల అవుట్‌పుట్‌ను కలపకూడదు, స్పీకర్ తీగల్లో ఏదీ గ్రౌండ్‌కు తగలకూడదు. అలా చేస్తే బోర్డు పోతుంది. కిట్‌కు కరెంటు ఐసొలేటర్ ద్వారా ఇవ్వండి, లేకపోతే పాట వెనక దోమలాగా సన్నని కూత వినిపిస్తూనే ఉంటుంది.

కిట్‌ను వెనక అట్టకు ఉన్న సందులో బిగించండి, ఇనప చాసిస్ పక్కన పెడితే బ్లూటూత్ సరిగా అందదు. స్టేషన్ మార్చాలంటే చేయి వెనక్కి పెట్టాలి, కొంచెం ఇబ్బందే, అయినా ముందు పలక కోయడం కన్నా నయం. ఏరియల్ కోసం 75 సెంటీమీటర్ల తీగ పెట్టె లోపలి అంచున నిలువుగా అంటించండి. హైదరాబాద్‌లో 102.8లో వివిధ భారతి, 101.9లో రెయిన్‌బో గరగర లేకుండా వస్తుంటే వెనక అట్ట స్క్రూలు బిగించేయొచ్చు.