అనోడైజింగ్‌కి ఇస్తున్నారా? ముందు మైక్రాన్లు అడగండి

చెన్నై తిరువాన్మియూర్‌లో మా అక్కావాళ్ల ఫ్లాట్ బీచ్‌కి దగ్గర. బాల్కనీ అల్యూమినియం ఫ్రేములు రెండేళ్లకే తెల్లగా పొడి రేగి గుంటలు పడ్డాయి. "అల్యూమినియానికి తుప్పు పట్టదన్నావు కదరా!" అని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. అంబత్తూర్‌లో లేత్ షాపు నడిపేవాణ్ణి, నేనైనా పొర మందం ఎంతో అడగాల్సింది. రంగు చూసి ఊరుకున్నాను.

అల్యూమినియానికి గాలి తగిలితే చాలు, ఆక్సైడ్ పొర దానంతటదే వస్తుంది. కాకపోతే మరీ పలచన. సరుకును సల్ఫ్యూరిక్ యాసిడ్ తొట్టిలో ముంచి, కరెంటు పాజిటివ్ వైపు కట్టి ఆ పొరనే మందంగా పెంచడం అనోడైజింగ్. పెయింటులా పైన పూసింది కాదు, లోహంలోంచే పుట్టింది. అందుకే పెచ్చులూడదు, తొందరగా గీతలు పడవు, పట్టుకుంటే చేతికి నల్లగా అంటదు.

పొర మందాన్ని మైక్రాన్లలో చెబుతారు, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఇంట్లో వాడే సరుకుకి 10 మైక్రాన్లు సరిపోతాయి. సముద్రపు గాలికి బయట ఉండేదైతే 25 అడగండి. బిల్లులో రాయించుకోండి కూడా.

అల్యూమినియం ఏ రకం మిశ్రమమో, అంటే గ్రేడ్ ముందే చెప్పాలి. 6063, 6061 అయితే చక్కగా వస్తాయి. సిలికాన్ ఎక్కువుండే డై కాస్టింగ్ (కరిగించి అచ్చులో పోసిన) మూతలకు బంగారు రంగు వేయమని ఒకసారి పంపాను. బురదలో పొర్లించినట్టు వచ్చాయి. స్టీలు స్క్రూలు, బుష్‌లు ఉంటే తీసేసి పంపండి, యాసిడ్ వాటిని తినేస్తుంది. పాత గీతలు దాక్కుంటాయనుకోకండి, బఫింగ్ (నునుపుగా పాలిష్) ముందే చేయించాలి. పొర మందంలో సగం దాకా బయటికి పెరుగుతుంది. బేరింగ్ కూర్చునే రంధ్రాలకు ఆ మేరకు ఖాళీ వదలకపోతే మళ్లీ సుత్తే గతి.

సరుకు చేతికొచ్చాక రెండు పరీక్షలు. మల్టీమీటర్ ముళ్లు రెండూ ఆనిస్తే బీప్ రాకూడదు, ఎందుకంటే ఈ పొరలోంచి కరెంటు పోదు. రెండోది నాకు ఇంకా ఇష్టం. కనబడని మూల ఒక చుక్క ఇంకు వేసి, కాసేపాగి తడిగుడ్డతో తుడవండి. మరక నిలిచిందా, పొరలోని సూక్ష్మరంధ్రాలు సరిగ్గా మూసుకోలేదన్నమాట. మరిగే నీళ్లలో ముంచి ఆ రంధ్రాలు మూసే సీలింగ్ చేసేటప్పుడు తొందరపడ్డారు. వెనక్కి పంపేయండి, మొహమాటం వద్దు.

అక్కకి కొత్త ఫ్రేములు పెట్టిస్తున్నాం. సిమెంటు నీళ్లు పడితే ఈ పొర మీద మచ్చలు పోవు. అందుకే గోడపని అయ్యేదాకా ఫ్రేముల మీది టేపు పీకొద్దని మేస్త్రీకి మూడుసార్లు చెప్పాను.