గంజి వార్చకుండా దంపుడు బియ్యం అన్నం

మా అమ్మ బియ్యం మూడుసార్లు పిసికి కడిగేది, గంజి వార్చి గేదె కుడితిలో పోసేది. గేదె నిగనిగలాడేది మరి! నేను ఒక్క కడుగుతో సరిపెడతాను. గ్లాసు దంపుడు బియ్యానికి రెండున్నర గ్లాసుల నీళ్లు పోసి అరగంట నానబెట్టండి. ఆ నీళ్లు పారబోయకండి, బీ1 విటమిన్ అందులోకే దిగుతుంది. వాటితోనే అత్తెసరు పెట్టండి. పొంగు రాగానే సెగ బాగా తగ్గించి మూత పెట్టాలి. అన్నం మీద చిన్న చిన్న గుంటలు పడి, నీళ్లు ఇంకిపోయాక దించి, పది నిమిషాలు కదపకండి. మధ్యలో కెలికితే ముద్దవుతుంది. మొదటి వారమంతా నాకదే.

దంపుడు బియ్యానికి అంటుకుని ఉండే తవుడు విలువ చెప్పింది కోళ్లు. 1890 ప్రాంతంలో జావాలోని బటేవియాలో (ఇప్పటి జకార్తా) డచ్ వైద్యుడు ఐక్‌మన్ పెంచుతున్న కోళ్లకు, ఆసుపత్రిలో మిగిలిన తెల్లన్నం తిని కాళ్లు పడిపోయాయి. కొత్త వంటవాడు ఆ అన్నం ఇవ్వనన్నాడు. ముడిబియ్యం తిన్నాక అవి లేచి తిరిగాయి. బీ1 లోపంతో కాళ్లూ నరాలూ చచ్చుబడే బెరిబెరి జబ్బు గుట్టు అలా దొరికింది. ఐక్‌మన్ మొదట తెల్లబియ్యపు పిండిలోనే విషముందనుకున్నాడు. అది విషం కాదు, తవుడులోని పోషకం అందని లోపమని 1901లో చెప్పింది ఆయన తర్వాత అక్కడ పనిచేసిన గ్రైన్స్. 1929లో నోబెల్ ఐక్‌మన్‌కు వచ్చింది, అందులో గ్రైన్స్ పేరు మాత్రం లేదు.

దంపుడు బియ్యానికి పురుగు తొందరగా పడుతుంది, నెలకు సరిపడానే కొనండి.