రంగుటద్దాల పని – 4వ పాఠం: ముందు గీత, తరువాతే రంగు

పోయిన పాఠం చివర మీ ఇంటి కిటికీని కొలిచి ఉంచమన్నాను. మీలో చాలామంది వెడల్పు ఒకసారి, ఎత్తు ఒకసారి కొలిచి టేపు చుట్టేసి ఉంటారు. నేనూ అదే చేశాను. కావలి దగ్గర ఒక పల్లెలో ప్రార్థన మందిరం కిటికీ నా మొదటి అద్దం పని. అప్పటికే పదేళ్ళుగా నెల్లూరు చుట్టుపక్కల గోడల మీద బొమ్మలు వేస్తున్నవాణ్ణి, నాకు కొలతలు ఒకరు చెప్పాలా అనే ధీమా. కింద వెడల్పు రెండడుగులు, రాసుకున్నాను. పైన అర అంగుళం తక్కువని తెలిసింది నెల రోజుల పని బస్సులో తెచ్చి నిలబెట్టాకే. కింది సగం చట్రంలో కూర్చుంది, పై సగం బయటే ఉండిపోయింది. బొమ్మ అర అంగుళం పక్కకు జరిగినా గోడ సర్దుకుపోతుంది. అద్దం సర్దుకోదు.

కాబట్టి వెడల్పును పైన, మధ్యలో, కింద మూడు చోట్ల కొలవండి. ఎత్తునూ అలాగే మూడు చోట్ల. ఆపైన మూల నుంచి మూలకు రెండు కొలతలు. ఆ రెండూ సమానంగా వస్తే, ఉన్నవాటిలో అతి తక్కువ వెడల్పు, అతి తక్కువ ఎత్తు తీసుకుని ఒక్కోదానిలో 6 మిల్లీమీటర్లు తగ్గించండి. సమానంగా రాకపోయినా, పైన కమాను ఉన్నా టేపును పక్కన పెట్టి, కిటికీలో అట్టను ఆనించి ఆ ఆకారానికే కోసుకోండి. అట్ట మీద ‘లోపలి వైపు’ అని అక్కడే రాయండి. ఇంటికి వచ్చాక రాద్దామనుకుంటే బొమ్మ తిరగబడుతుంది.

ఇక అసలు పాఠం. గోడల మీద బొమ్మలు వేసే మనకు అలవాటైన వరస ఏమిటి? గుడి గోడకు విష్ణుమూర్తిని వేస్తే ఒంటికి నీలం నింపుతాం, పట్టుబట్టకు పసుపు నింపుతాం, చిట్టచివర సన్న కుంచెతో నల్ల గీత తిప్పుతాం. ఎక్కడైనా రంగు చెదిరితే ఆ గీతే కప్పేస్తుంది. అద్దంలో ఈ వరస తలకిందులవుతుంది. ఇక్కడ గీత అంటే సీసపు పట్టీ. అడ్డంగా కోసి చూస్తే ఇంగ్లీషు హెచ్ అక్షరంలా ఉంటుంది. దాని రెండు గాడుల్లో రెండు ముక్కలు కూర్చుంటాయి. వెలుగు వెనక నుంచి వస్తుంది కాబట్టి లోపల నిలబడి చూసేవాడికి ఆ పట్టీ నల్ల గీతలా కనిపిస్తుంది. బొమ్మను చూపించేదీ అదే, మోసేదీ అదే. ముక్కలన్నీ కోశాక గీత మార్చుకోవడం కుదరదు.

దీనికి మంచి గురువు మన వాకిట్లోనే ఉంది. సంక్రాంతి ముగ్గును చూడండి. గీతల మధ్య మూసుకున్న ప్రతి గడీ ఒక అద్దం ముక్క అనుకోండి. ఏ గీతా గాలిలో ఆగిపోకూడదు. ఇంకో గీతకో అంచుకో తగలాలి. ముగ్గు పెట్టడం వచ్చిన ఆడవాళ్ళకు ఇది ఐదు నిమిషాల్లో అర్థమవుతుంది. బోర్డులు రాసే నాలాంటి వాళ్ళకే నెల పట్టింది.

అయితే ముగ్గుపిండి ఎటు తిప్పితే అటు పోయినట్టు గాజు తెగదు. కట్టర్ గాజును కోయదు, పైన గీరుతుంది అంతే. మనం వంచితే ఆ గీటు వెంట పగులుతుంది. పగులుకు తిన్నని దారి ఇష్టం. లోపలికి లోతుగా వంగిన వంపును, ఎల్ ఆకారపు లోపలి మూలను ఒకే ముక్కలో అడిగితే అది తనకు నచ్చిన చోటికి పోతుంది. సూదిలా సన్నబడే కొన కోసేటప్పుడే విరుగుతుంది, లేదా సీసం కింద దాక్కుంటుంది.

అభ్యాసానికి గూడబాతును తీసుకుందాం. అవి గూళ్ళు కట్టే నేలపట్టు పక్షుల కేంద్రం 2022లో మన నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది గానీ, ఆ పక్షులు ఇప్పటికీ మన చెరువుల మీదే మేస్తాయి. పక్కకు తిరిగి నిలబడిన పక్షిని గీయండి. రెండు చిక్కులు వెంటనే ఎదురవుతాయి. మొదటిది మెడ వంపు. మెడ ముక్క తేలికగానే తెగుతుంది. ఇబ్బంది దాని పక్కన ఉండే ఆకాశపు ముక్కతో, ఎందుకంటే వంపు దానిలోకి పొడుచుకొస్తుంది. వంపు అతి లోతుగా ఉన్న చోటు నుంచి చట్రం అంచు దాకా ఒక గీత లాగి ఆకాశాన్ని రెండు ముక్కలు చేయండి. ఆ గీత ఊరికే వచ్చినట్టు ఉండకూడదు. దాన్ని చెట్టు కొమ్మగా మార్చండి. రెండోది ముక్కు కొన. ముక్కును పై భాగం, కింది సంచి అని రెండు చేసి, ఆ మధ్య గీతను కొన దగ్గర ఆపకుండా నీటి అంచుగా చట్రం దాకా పోనివ్వండి. కొనను కొంచెం మొద్దుగానే ఉంచండి. కన్ను గురించి ఇప్పుడు దిగులు వద్దు. అంత చిన్న ముక్క కోయరు. నల్ల రంగుతో గాజు మీద రాసి కొలిమిలో కాలుస్తారు.

పెద్ద కిటికీ అయితే అడ్డంగా ఇనప కడ్డీలు వస్తాయి. మనది తుపానుల తీరం, అవి లేకుండా అద్దం పెట్టకండి. వాటి చోటు కాగితం మీదే ముందుగా గుర్తు పెట్టుకోవాలి. నా రెండో పనిలో కడ్డీ సరిగ్గా దేవదూత ముక్కు మీదుగా పోయింది.

గీతలు కుదిరాక అసలు సైజు కాగితం మీద వాటిని దిద్దండి. పట్టీ మధ్య గోడ మందం దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లు, కాబట్టి గీత కూడా అంత మందం ఉండాలి. ముక్కను గీతకు లోపలి అంచు దాకానే కోస్తాం. ఈ మందం వదలకపోతే ప్రతి ముక్కకూ కొంచెం కొంచెం పెరిగి, ఇరవై ముక్కల తరువాత మళ్ళీ నా కావలి కథే. ప్రతి ముక్కకూ అంకె వేసి, అదే కాగితానికి ఒక నకలు తీసుకోండి. ఒకటి ముక్కలుగా కత్తిరించడానికి, ఇంకోటి బల్ల మీద పరచి పేర్చుకోవడానికి.

రంగు గురించి ఈ వారం ఒక్క మాటే. ఫ్రాన్సులోని వాన్స్ ఊళ్ళో 1951లో పూర్తయిన ప్రార్థనాలయానికి మతీస్ అనే చిత్రకారుడు గోడ బొమ్మలూ తనే వేశాడు, కిటికీల నమూనాలూ తనే తయారుచేశాడు. గోడల మీద తెల్ల పలకలపై నల్ల గీతలే. కిటికీల్లో పసుపు, ఆకుపచ్చ, నీలం తప్ప నాలుగో రంగు లేదు. మీరూ మూడు రంగులు దాటవద్దు. నీలం పక్కన మాత్రం సీసపు పట్టీ కాస్త వెడల్పుది పెట్టండి. వెలుగులో నీలం పొంగి పక్క రంగు మీదికి వస్తుంది.

ఇంటి పని: అడుగు వెడల్పు, అడుగున్నర ఎత్తు కాగితంలో గూడబాతు, ఇరవై ముక్కలకు మించకుండా. వచ్చే పాఠానికి ఒక గ్లాస్ కట్టర్, చిన్న సీసాలో కిరోసిన్, కళ్ళకు అడ్డు పెట్టుకునే అద్దాలు తెచ్చుకోండి. రంగు గాజు ఇప్పుడే కొనకండి. మీ ఊరి అద్దాల దుకాణంలో 3 మిల్లీమీటర్ల కిటికీ గాజు ముక్కలు పారేయడానికి పక్కన పెడతారు, అడిగితే ఇస్తారు.