కొత్త ఊళ్లో నర్సు ఉద్యోగం: ఏ ఆసుపత్రిలో చేరాలో తేల్చుకోవడం ఎలా?

మా జూనియర్లలో ఎవరో ఒకరు ఏటా ఫోన్ చేస్తారు. "అక్కా, మా ఆయనకు ట్రాన్స్‌ఫర్ అయింది. అక్కడ రెండు ఆసుపత్రుల్లో ఆఫర్ వచ్చింది. ఒకదాంట్లో జీతం ఎక్కువ, దాంట్లో చేరిపోతున్నా." చేరిపోతున్నా అన్నాక నేను చెప్పేదేముంది? మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ ఫోన్: "అక్కా, ఇక్కడ నైట్‌లో వార్డు మొత్తానికి ఒక్కదాన్నే ఉంటున్నా."

నేను ఐదుసార్లు ఊరు మారాను, అందులో రెండుసార్లు తప్పు ఆసుపత్రిలో పడ్డాను. జీతం ఎంతో కాగితం మీద రాసి ఇస్తారు. మీ వంతుకు ఎంతమంది పేషెంట్లు వస్తారో మాత్రం ఏ కాగితం మీదా ఉండదు. అది కనుక్కోవడమే అసలు పని, మిగతావన్నీ అరపూటలో తేలిపోతాయి.

1. ముందు రిజిస్ట్రేషన్

వెళ్లబోయే చోట నర్సింగ్ కౌన్సిల్ (నర్సులను రిజిస్టర్ చేసే సంస్థ) వేరే అయితే ఆసుపత్రులు వెతకడానికి ముందే అక్కడ అప్లై చేయండి. మీరు ఇప్పుడున్న కౌన్సిల్ నుంచి వెరిఫికేషన్ వెళ్లాలి, ఆలస్యమంతా అక్కడే జరుగుతుంది. కొత్త రిజిస్ట్రేషన్ కాగితం చేతికి రాకుండా, ఇప్పుడున్న ఉద్యోగానికి రిజైన్ చేయొద్దు. అంతకంటే చెప్పడానికేమీ లేదు.

2. నాలుగు పేర్లు, ఒక నోట్‌బుక్

నాలుగు ఆసుపత్రులు చాలు. ఎనిమిది పెట్టుకుంటే ఎవరు ఏం చెప్పారో కలిసిపోతుంది. ఒక్కో ఆసుపత్రికి నోట్‌బుక్‌లో ఒక్కో పేజీ తియ్యండి. కంప్యూటర్లో పెద్ద టేబుల్ వేసి, ప్రతిదానికీ పదికి ఇన్ని అని మార్కులేసి, చివర్లో మొత్తం కూడే పద్ధతి నాకు నచ్చదు. అలా కూడితే కాంటీన్ బాగుందన్న మార్కులు వచ్చి నైట్ డ్యూటీలో మనుషుల్లేరన్న లోటును పూడ్చేస్తాయి. కొన్ని లోపాలను ఏ మార్కులూ పూడ్చలేవు. అలాంటిది కనిపిస్తే ఆ పేజీ మీద అడ్డంగా గీత కొట్టి పక్కన పెట్టాలి.

గోడ మీద వేలాడే అక్రెడిటేషన్ (నాణ్యతా గుర్తింపు) బోర్డుల గురించి కూడా ఇక్కడే ఒక మాట. మన దేశంలో ఇచ్చే ఎన్ఏబీహెచ్, అంతర్జాతీయంగా ఇచ్చే జేసీఐ లాంటివి ఉంటే మంచిదే. మందుల భద్రత, ఇన్ఫెక్షన్ కంట్రోల్, రికార్డులకు ఒక పద్ధతి ఉంటుంది. అమెరికాలో మొదలైన మ్యాగ్నెట్ గుర్తింపు సంగతి కాస్త వేరు. నర్సుల కొరత ఉన్న రోజుల్లో కూడా కొన్ని ఆసుపత్రులను నర్సులు ఎందుకు వదిలిపోవడం లేదన్న ప్రశ్నతో 1983లో ఒక అధ్యయనం చేసి, అలాంటివి 41 తేల్చారు. ఈ గుర్తింపు దాని నుంచే పుట్టింది. అయినా బోర్డు ఆసుపత్రికి ఇచ్చేదే తప్ప మీరు పనిచేయబోయే మూడో అంతస్తు వార్డుకు ఇచ్చేది కాదు. ఇన్‌స్పెక్షన్ వారంలో ఎంతమందిని డ్యూటీకి వేస్తారో, ఆ తర్వాతి వారం ఎంతమందిని వేస్తారో ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

3. దారి చూసుకోండి

డ్యూటీ దిగే టైముకు ఒకసారి ఆసుపత్రి నుంచి ఇంటి వరకు వెళ్లి చూడండి. పగలు పదకొండింటికి చూసిన దారి, ఈవినింగ్ డ్యూటీ దిగే రాత్రివేళ చూసిన దారి ఒకటి కాదు. ఇల్లు ముందు తీసుకుని దానికి దగ్గరున్న ఆసుపత్రి వెతక్కండి. ఉద్యోగం ఖాయమయ్యాకే ఇల్లు.

4. వార్డు చూడటం: తొందరపడకూడనిది ఇక్కడే

"మీ నర్స్-పేషెంట్ రేషియో ఎంత?" అని హెచ్ఆర్‌ను అడిగితే ఒక అంకె చెబుతారు. అబద్ధమని నేననను. కానీ అది ఎవరెవరిని లెక్కేస్తే వచ్చిన అంకె అన్నది మీరు తేల్చుకోవాలి.

ముప్పై పడకల వార్డు అనుకుందాం. డ్యూటీ చార్ట్‌లో పొద్దున షిఫ్టుకు ఐదు పేర్లున్నాయి. ముప్పైకి ఐదుగురు, అంటే ఆరుగురు పేషెంట్లకు ఒక నర్సు. కాగితం మీద బాగుంది. ఆ ఐదుగురిలో ఒకరు ఇన్‌ఛార్జ్ సిస్టర్. రౌండ్లు, ఇండెంట్లు (స్టోర్ నుంచి మందులు, సామాను తెప్పించే కాగితాలు), డిశ్చార్జ్ కాగితాలతోనే ఆవిడకు సరిపోతుంది. ఇంకొకరు గత వారం చేరిన కొత్తమ్మాయి, ఇంకా ఎవరో ఒకరి వెనకే తిరగాలి. మరొకరిని తొమ్మిదింటికి ఐసీయూలో మనిషి తక్కువైందని లాగేసుకున్నారు. ఇక మిగిలింది ఇద్దరు, పదిహేను మందికి ఒకరు. చెప్పింది ఆరు, మోసేది పదిహేను.

ఇది ఊహించి చెప్పడం లేదు. నేను చేరిన ఒక ఆసుపత్రిలో ఆరుగురికి ఒకరు అన్నారు. మొదటి నైట్‌లో ఇరవై ఇద్దరు పేషెంట్లు, నేను, నా పక్కన కోర్సు అయి నెల కూడా కాని ఒక ట్రైనీ. రాత్రి రెండింటికి ఒక పెద్దాయనకు రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ పడిపోతుంటే, కారిడార్ అవతలి గదిలో సెలైన్ అయిపోయి లైన్‌లోకి రక్తం ఎక్కి, ఆ గదిలోని పేషెంట్ కొడుకు నా మీద అరుస్తున్నాడు. తెల్లవారాక చార్టింగ్ (పేషెంట్ల రికార్డులు రాయడం) పూర్తి చేసి బయటపడేసరికి పదిన్నర. ఆ ఆరు అనే అంకె ఎక్కడిదని తర్వాత అడిగితే, ఆసుపత్రి మొత్తం పడకలను మొత్తం నర్సులతో భాగించారట! అందులో ఓపీడీలో కూర్చునేవాళ్లూ, ఆపరేషన్ థియేటర్‌లో ఉండేవాళ్లూ, సెలవులో ఉన్నవాళ్లూ అందరూ ఉన్నారు.

ఈ అంకె మీద ఇంత పట్టుదల ఎందుకంటే ఇది మన అలసటతో ఆగే సంగతి కాదు. అమెరికాలో నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులను పరిశీలించి 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. ఒక్కో నర్సు మీద ఒక్కో సర్జికల్ పేషెంట్ భారం అదనంగా పడేకొద్దీ, ఆ పేషెంట్లు 30 రోజుల్లోపు చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరుగుతున్నట్టు తేలింది. నర్సులు పని మీద విరక్తి పుట్టేంతగా అలిసిపోవడం 23 శాతం చొప్పున పెరిగింది. కాలిఫోర్నియాలో దీనికి చట్టమే ఉంది. 1999లో చేశారు, 2004 నుంచి అమలవుతోంది. ఐసీయూలో ఇద్దరికి ఒక నర్సు, మెడికల్-సర్జికల్ వార్డులో ఐదుగురికి ఒకరు. ఆ నిబంధనల్లో నాకు నచ్చినవి రెండు. ఈ లెక్క అన్ని వేళలా ఉండాలి, అంటే ఒక నర్సు తినడానికి వెళ్లినప్పుడు కూడా. ఇన్‌ఛార్జ్ స్వయంగా పేషెంట్లను చూస్తుంటే తప్ప ఆమెను లెక్కలో వేయకూడదు. మీరు వెళ్లే చోట అలాంటి చట్టం ఉన్నా లేకపోయినా, మీరు అడగాల్సిన ప్రశ్నలు ఈ రెండింట్లోనే ఉన్నాయి.

కాబట్టి హెచ్ఆర్‌ను "రేషియో ఎంత" అని అడగడం మానేయండి. వార్డు చూపించమని అడగండి. "చేరబోయే యూనిట్ ఒకసారి చూస్తాను, అక్కడి సిస్టర్లతో మాట్లాడతాను" అంటే మంచి ఆసుపత్రి కాదనదు. పేషెంట్ల ప్రైవసీ అనో, పాలసీ అనో నసిగితే కనీసం యూనిట్ ఇన్‌ఛార్జ్‌తోనూ, ఒక స్టాఫ్ నర్సుతోనూ బయట మాట్లాడే వీలు కల్పించమనండి. దానికీ ఒప్పుకోకపోతే పేజీ మీద గీత కొట్టేయండి. నేనైతే రెండో మాట కూడా మాట్లాడను.

ఎప్పుడు వెళ్లాలో కూడా ముఖ్యమే. ఈవినింగ్ వాళ్లు నైట్ వాళ్లకు హ్యాండోవర్ ఇచ్చే (పేషెంట్లను అప్పగించే) టైముకు అరగంట ముందు వెళ్లాలి. పొద్దున వెళ్తే డాక్టర్ల రౌండ్లు, సూపరింటెండెంట్ రౌండ్లు, అందరూ నిటారుగా ఉంటారు. సాయంత్రానికి ముసుగు జారుతుంది. వెళ్లాక అక్కడి పనికి అడ్డం పడకుండా ఒక పక్కన నిలబడి, నర్సింగ్ స్టేషన్ వైపు చూడండి. నైట్ వాళ్లు వచ్చారా, ఎంతమంది వచ్చారు? హ్యాండోవర్ బెడ్ దగ్గర ఇస్తున్నారా, బ్యాగు భుజాన తగిలించుకుని నిలబడి ఇస్తున్నారా? డ్యూటీ అయిపోయిన వాళ్లు అరగంట తర్వాత కూడా ఫైళ్లలో రాస్తూనే ఉన్నారా? మోగుతున్న అలారం దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారా, లేక చెవులు అలవాటు పడిపోయాయా? క్రాష్ కార్ట్ (అత్యవసర మందులు, పరికరాలు ఉండే బండి) మీద వేలాడే చెక్‌లిస్టులో ఇవాళ్టి సంతకం ఉందా? ఆ సంతకాలు వారం మొత్తానివీ ఒకే పెన్నుతో ఒకేసారి పెట్టినట్టు కనిపిస్తే, ఆ వార్డులో రోజూ ఏం జరుగుతోందో మీకు అర్థమైపోవాలి.

తర్వాత ఒక స్టాఫ్ నర్సుతో మాట్లాడండి. నాలుగైదేళ్లుగా ఉన్న సిస్టర్ అయితే మేలు. అసలు అన్నేళ్లుగా ఉన్నవాళ్లు ఎవరూ లేరంటే అదే జవాబు. ఆవిడను "ఇక్కడ ఎలా ఉంటుంది?" అని అడగొద్దు. "బాగానే ఉంటుంది" అంటుంది, ఇంకేమంటుంది పాపం? జరిగిపోయిన దాని గురించి అడగాలి. "సిస్టర్, మీ పోయిన నైట్‌లో మీకు ఎంతమంది పేషెంట్లు? వాళ్లలో వెంటిలేటర్ మీద ఎంతమంది? ఆరోజు తినడానికి ఎన్నింటికి కూర్చున్నారు? ఈ నెలలో వేరే వార్డుకు ఎన్నిసార్లు పంపారు? వీక్లీ ఆఫ్ ఎన్నిసార్లు క్యాన్సిల్ అయింది? శాంపిళ్లు ల్యాబ్‌కు ఎవరు తీసుకెళ్తారు?" చివరి ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది కానీ, వార్డు బాయ్ లేని చోట ఐదుగురు పేషెంట్లు కూడా పదిమందితో సమానం.

ఇంకో ప్రశ్న నేను ప్రతిచోటా అడుగుతాను: "రాత్రి రెండింటికి సూది గుచ్చుకుంటే ఎవరి దగ్గరికి వెళ్లాలి?" హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటనివ్వకూడదు. 28 రోజులు వాడాలి. కాబట్టి అర్ధరాత్రి ఆ మందు ఎక్కడ ఉంటుందో, ఎవరు ఇస్తారో వార్డులో అందరికీ తెలిసి ఉండాలి. సిస్టర్ తడుముకోకుండా చెప్పిందంటే అక్కడ నర్సుల ప్రాణానికి ఎంతోకొంత విలువ ఉన్నట్టే. "పొద్దున ఇన్‌ఛార్జ్ వచ్చాక చెప్పాలి" అందంటే నోట్‌బుక్ మూసేయొచ్చు.

ఒక జాగ్రత్త. ఒక్క సిస్టర్ మాట పట్టుకుని నిర్ణయం తీసుకోవద్దు. ఇన్‌ఛార్జ్‌తో ముందురోజు గొడవ పడినామె అయితే అన్నీ చెడ్డగానే చెబుతుంది. ఇద్దరిని వేర్వేరుగా, ఒకే ప్రశ్నలు అడగండి. పేషెంట్ల సంఖ్య ఇద్దరూ దగ్గరదగ్గరగా చెబితే నమ్మండి. బయటికి రాగానే, గేటు దాటకముందే అంకెలన్నీ నోట్‌బుక్‌లో రాసేయండి. ఇంటికెళ్లి రాద్దామనుకుంటే పదకొండు కాస్తా "పది లోపే" అవుతుంది.

5. జీతాన్ని గంటలతో భాగించండి

నెలకు ఎంత అని కాదు, గంటకు ఎంత అని చూడాలి. ఎనిమిది గంటల డ్యూటీ, నెలకు 26 రోజులంటే 208 గంటలు. ఒక ఆసుపత్రిలో టైముకు వదిలేస్తారు. రెండోదాంట్లో జీతం 10 శాతం ఎక్కువ, కానీ హ్యాండోవర్, చార్టింగ్ పేరుతో రోజూ ఇంకో గంట ఉండాల్సిందే, దానికి పైసా రాదు. అక్కడ మీరు 234 గంటలు పనిచేస్తున్నారు, అంటే 12.5 శాతం ఎక్కువ పని. పెద్ద జీతం అనుకున్నదే గంటకు తక్కువ తేలింది. భాగించాల్సింది కూడా చేతికొచ్చే జీతాన్ని, సీటీసీని (ఆసుపత్రి మీ మీద పెట్టే మొత్తం ఖర్చు లెక్కను) కాదు.

పన్నెండు గంటల షిఫ్టులు మేలంటారు చాలామంది. నెలకు 16 డ్యూటీలే కాబట్టి సెలవులు ఎక్కువ, హ్యాండోవర్లు తక్కువ, లెక్క వేస్తే నిజమే. అయినా ఎనిమిది గంటలదే తీసుకోండి. పదకొండో గంటలో ఇన్సులిన్ డోసు రెండుసార్లు చదివినా అర్థంకాక మూడోసారి చదివిన రోజున నేను తేల్చుకున్నాను. దీని మీద నాతో వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్లతో నేను వాదించను.

6. ఆఫర్ లెటర్

మీరు చూసిన యూనిట్ పేరు అందులో ఉండాలి. "ఆసుపత్రి అవసరాన్ని బట్టి ఎక్కడైనా" అని మాత్రమే ఉంటే మీరు పడిన శ్రమంతా వృథా. బాండ్ (ఇన్నాళ్లు వదలనని రాసిచ్చే ఒప్పందం) ఉందా, నోటీస్ పీరియడ్ ఎంత, ప్రొబేషన్‌లో వదిలేస్తే ఏమిటి అన్నవి చదవండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించండి, జిరాక్సులు ఇవ్వండి, ఒరిజినల్స్ మాత్రం వాళ్ల బీరువాలో పెట్టొద్దు. నోటితో చెప్పినవాటిని, ముఖ్యంగా నెలకు ఎన్ని నైట్లన్నది, మీరే ఒక ఈమెయిల్‌లో రాసి "మీరు చెప్పినట్టు ఇవి కదా, నిర్ధారించగలరు" అని పంపండి. జవాబొస్తే దాచుకోండి. రాకపోతే మళ్లీ పంపండి, మళ్లీ రాకపోతే రెండో పేజీలో ఉన్న ఆసుపత్రికి ఫోన్ చేయండి.

చేరే తేదీ నెల మొదట్లో పెట్టించుకోండి. నెల మధ్యలో చేరితే అప్పటికే రోస్టర్ (డ్యూటీల పట్టిక) వేసేసి ఉంటారు, ఎవరూ తీసుకోని నైట్లన్నీ తెచ్చి కొత్త సిస్టర్ పేరు మీద రాస్తారు.